పాత బుల్లెట్: ముందు పాయింట్లు, తర్వాతే కార్బురేటర్

మన పొన్నూరు చుట్టుపక్కల పాత బుల్లెట్ 350 మొరాయిస్తే చాలామంది ముందుగా కార్బురేటర్ విప్పుతారు. ఐ.టి.ఐ.లో చేరే తమ్ముళ్ళు ఆ పని చివరికి ఉంచుకోవాలి. మొదట ప్లగ్గు చూడండి. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ. తర్వాత పాయింట్లు. పూర్తిగా విడినప్పుడు ఖాళీ 0.35-0.40 మి.మీ. ఉండాలి. ఖాళీ మారితే టైమింగూ మారుతుంది కనుక ముందు దీన్నే సరిచేయాలి.

ఇక టైమింగ్. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి (సిగరెట్‌తో ఉపయోగం ఇదొక్కటే!), ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెనక చక్రం మెల్లగా తిప్పండి. కంప్రెషన్‌లో పిస్టన్ పైకొసకు 0.8 మి.మీ. దిగువన ఉండగా కాగితం జారాలి. బాగా ముందే జారితే కిక్కు రాడ్ వెనక్కి తంతుంది, చీలమండ విరగవచ్చు. ఆలస్యమైతే ఇంజను వేడెక్కుతుంది, బండి లాగదు.

ఇవన్నీ సరిగా ఉండీ ఐడ్లింగ్ నిలవకపోతే అప్పుడు పైలట్ జెట్ తీసి ఊదండి. తీగ గుచ్చవద్దు, రంధ్రం పెద్దదవుతుంది.