జ్వరం బిళ్ళ ఎటు పోతుంది?

అక్కలారా! జ్వరమొస్తే బిళ్ళ మింగుతాం. కాసేపటికి ఒళ్ళు చల్లబడుతుంది. మరి ఆ బిళ్ళ ఎటు పోయింది?

మేక కార్జం మీరు చూసే ఉంటారు. మనకూ కార్జం ఉంది. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని 'కాలేయం' అంటారు.

మింగిన బిళ్ళ కడుపులో కరుగుతుంది. మందు పేగుల నుంచి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ముందుగా కార్జానికే పోతుంది. మందు మన ఒంటికి పరాయిది. పని అయ్యాక బయటకు పోవాలి. కార్జం దాన్ని కొంచెం కొంచెంగా మార్చి, నీళ్ళలో కరిగేలా చేస్తుంది. మూత్రపిండాలు దాన్ని వడగట్టి మూత్రంలో పంపేస్తాయి.

జ్వరం బిళ్ళల్లో ఎక్కువగా ఉండే మందు పారాసిటమాల్. కార్జం దీన్ని మార్చేటప్పుడు కొద్దిగా విషం పుడుతుంది. భయపడకండి. దానికి విరుగుడు కార్జంలోనే ఉంది. కానీ ఆ విరుగుడు కొంతే ఉంటుంది. బిళ్ళ మీద బిళ్ళ వేస్తే అది అయిపోతుంది. అప్పుడు ఆ విషం కార్జాన్నే చెడగొడుతుంది. రోజూ సారా తాగేవాళ్ళకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

నాట్ల రోజుల్లో కూలి పోతుందని కొందరు గంటకో బిళ్ళ మింగుతారు. పైగా జలుబు బిళ్ళ వేసుకుంటారు. అందులోనూ ఇదే మందు ఉండొచ్చు!

బిళ్ళల అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అయినా అంకెలు మనం చదవగలం. 500 అనో, 650 అనో ఉంటుంది. పేరు షాపులో అడగండి. "ఇందులో పారాసిటమాల్ ఉందా?" అనండి. అడగడానికి సిగ్గెందుకు?

గుర్తుంచుకోండి

• బిళ్ళకూ బిళ్ళకూ 6 గంటలు ఎడం ఉంచండి.
• పెద్దవాళ్ళయినా రోజు మొత్తంలో 500 బిళ్ళలు 8కి మించరాదు. బక్కచిక్కినవాళ్ళకు, తాగేవాళ్ళకు ఇంకా తగ్గాలి. డాక్టరును అడగండి.
• పిల్లలకు పెద్దల బిళ్ళ విరిచి పెట్టకండి. వాళ్ళ మందు బరువును బట్టి ఉంటుంది.
• ఎవరైనా ఎక్కువ మింగితే, బాగానే ఉన్నారని ఊరుకోకండి. కార్జం చెడిన సంగతి ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఖాళీ అట్ట కూడా తీసుకుపోండి. విరుగుడు మందు ఉంది. 8 గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది.

చెప్పండి, రాయండి

1. కార్జం మందును ఏం చేస్తుంది?
2. పొద్దున 6 గంటలకు బిళ్ళ వేసుకుంటే తర్వాతి బిళ్ళ ఎప్పుడు?
3. మీ ఇంట్లో ఉన్న అట్ట మీది అంకె చూసి రాయండి.