క్రేను కొక్కెము – పరీక్ష, సంరక్షణ

ఓడరేవులందును, ఉక్కు కర్మాగారములందును క్రేనును చూచువారి దృష్టి దాని ఎత్తు మీదను, మోటారు బలము మీదను నిలుచును. కాని బరువంతయు తుదకు వ్రేలాడునది ఒక్క కొక్కెము మీదనే. ఉక్కు తాడులో తీగలనేకము లుండును; ఒకటి తెగినను తక్కినవి భారమును మోయును. ఒంటి కొక్కెమునకు అట్టి తోడు లేదు. కావున దానిని పరీక్షించుట పనివారి ప్రాణములతో ముడిపడిన బాధ్యత.

కొక్కెమును సాగెడు గుణము గల ఉక్కుతో, కాల్చి సాగగొట్టి తయారు చేయుదురు. మోయగలిగినదానికి మించిన బరువు పడినపుడు అట్టి ఉక్కు గాజువలె పగులక, ముందుగా సాగి నోరు తెరచును. ఆ తెరచుటయే అది మనకు చేయు హెచ్చరిక. అయితే స్వల్పమైన సాగుదల కంటికి ఆనదు, కొలిచిననే తెలియును. అందుచేత కొక్కెము క్రొత్తదిగా నున్నపుడే నోటికి ఇరువైపుల గుర్తులు పెట్టి, వాని నడిమి దూరమును రిజిస్టరులో వ్రాసికొనవలెను. తొలికొలత 80 మిల్లీమీటర్లై, నేడు 84 ఉన్నచో, నూటికి 5 వంతులు పెరిగినదన్నమాట.

అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘపు బి 30.10 ప్రమాణము ననుసరించి, నోరు నూటికి 5 వంతులుగాని, సుమారు 6 మిల్లీమీటర్లుగాని, ఏది తక్కువైన అంత పెరిగినచో కొక్కెమును తొలగింపవలెను. అరుగుదల తొలి మందములో నూటికి 10 వంతులు మించినను, కంటికి కనబడు వంకరగాని మెలికగాని యున్నను అంతే.

పగుళ్ళ విషయము వేరు. నోరు తెరువకయే అవి లోనికి ప్రాకవచ్చును. బరువు మోయునపుడు వంపు లోపలి అంచున లాగుడు అధికము గనుక, అచ్చటి జిడ్డును తుడిచి శ్రద్ధగా చూడవలెను. అనుమానమున్నచో రంగు ద్రవముతోగాని, అయస్కాంత చూర్ణముతోగాని పరీక్షింపవలెను. కాడ మరలను, నట్టు బిగింపును, కొక్కెము తేలికగా తిరుగుటను, తాడు జారిపోకుండ నోటికుండు అడ్డునాలుకను కూడ మరువరాదు.

సాగిన కొక్కెమును కాల్చి వంచుటయు, పగులును వెల్డింగుతో పూడ్చుటయు కూడని పనులు. ఆ వేడిమికి ఉక్కు గుణము మారి, పైకి బాగుగా కనబడుచునే లోన బలహీనమగును. బరువును మొనపై తగిలించుటయు ప్రమాదకరమే. అది వంపు నడుమ నిలువవలెను.

1948 నాటి కర్మాగారముల చట్టము 29వ విభాగము, ఎత్తుడు యంత్రములను సమర్థుడైన వ్యక్తి కనీసము 12 నెలల కొకమారు సమగ్రముగా పరీక్షింపవలెనని విధించెను. కాని పన్నెండు నెలల నడుమ కొక్కెము ప్రతిదినము బరువు మోయుచునే యుండును. కావున ప్రతి పనివేళకు ముందును ఒకమారు చూచుకొనవలెను.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు అట్టి రిజిస్టరులో సంతకము చేయుదురు. పని ఆగిపోవునని జంకి, చెడిన కొక్కెమును మంచిదని వ్రాయకుడు. ఆగిన పనిని మరునాడు సాగింపవచ్చును. పోయిన ప్రాణమును తెచ్చుట ఎవరి తరమును కాదు.