ఒకటి అడిగితే రెండు వచ్చినాయి: రెండోది ఎవరిది?



ఈ వారం పాఠం ఆకు గురించి కాదు, ఊజి ఈగ గురించి కాదు. మనం ఫోన్లో ఆర్డర్ పెట్టి తెప్పించుకునే సామాన్ల గురించి. ప్లాస్టిక్ చంద్రికలు, నైలాన్ వలలు, స్ప్రేయర్లు, గాలిలో తేమ చూసే మీటర్లు ఇప్పుడు బలసముద్రం దాకా పార్సిల్లో వస్తున్నాయి. ఒక్కోసారి అడిగినదానికంటే ఎక్కువ వస్తాయి. అప్పుడు ఏం చేయాల? నాకు జరిగిందే మొదట చెప్తాను, చట్టం తర్వాత చూద్దాం.

పోయిన పంట గూళ్లు మార్కెట్టుకు వేసి, షెడ్డు కడిగి, మందు కొట్టడానికి బ్యాటరీ స్ప్రేయర్ ఒకటి ఆర్డర్ పెట్టినాను. డబ్బు ముందే కట్టేసినాను. నాలుగో రోజు బాక్సు వచ్చింది. ఇంకో మూడు రోజులకు అదే స్ప్రేయర్, అదే పేరు మీద, ఇంకో బాక్సు. నా ఖాతాలో డబ్బు పోయింది మాత్రం ఒక్కసారే.

ఇంటి ముందర నలుగురు చేరినారు. "ఊరికే వచ్చింది, పెట్టుకో అన్నా" అని ఒకరు. "సగం ధరకు నాకియ్యి, చెనిక్కాయ చేనుకు మందు కొట్టుకుంటా" అని ఇంకొకరు. "ఆన్‌లైన్లో వచ్చినేది ఎవరూ అడగరు" అని మూడో ఆయన. మా ఇంటామె మాత్రం ఒకే మాట అనింది: "మన గూళ్లు తూకంలో రెండు కేజీలు ఎక్కువ పోతే మనం ఊరుకుంటామా?"

ఆ మాటలోనే సగం చట్టం ఉంది.

*చట్టం ఏమంటుంది?*

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇంకా అమలులో ఉంది. దాంట్లో 72వ సెక్షన్ చిన్నది, స్పష్టమైనది. పొరపాటున ఎవరికైనా డబ్బు కడితే, లేదా వస్తువు అందజేస్తే, తీసుకున్న వాళ్లు దాన్ని తిరిగి ఇవ్వాలి. అంతే. కాబట్టి రెండో స్ప్రేయర్ నాది కాదు.

ఈ సెక్షన్ రెండు వైపులా పనిచేస్తుందని గుర్తు పెట్టుకోండి. నెట్‌వర్క్ సరిగా లేక మీరు అంగడికి రెండుసార్లు డబ్బు కొట్టినారనుకోండి, అదే 72వ సెక్షన్ కింద అంగడివాళ్లు మీకు తిరిగి ఇవ్వాల. రీలరు పొరపాటున ఒకే లాటుకు రెండుసార్లు డబ్బు వేసినా మనం తిరిగి ఇవ్వాల. మనకు అక్కర వచ్చినప్పుడు ఒక న్యాయం, పక్కోడికి ఇంకో న్యాయం ఉండదు.

"వచ్చింది నాదే అనుకొని తీసుకున్నా" అంటే అది తప్పు కాదు. కానీ పొరపాటని తెలిసిన తర్వాత కూడా దాచిపెట్టుకోవడం, అమ్ముకోవడం వేరే సంగతి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ దీని గురించే. పరాయి వస్తువును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఒక స్ప్రేయర్ కోసం పోలీసులు ఇంటికి వస్తారని భయపెట్టడం లేదు. సగం ధరకు అమ్ముకోవడం లాభం కాదని చెప్తున్నాను.

*మరి మన హక్కు ఏది?*

చాలామంది ఇక్కడే మోసపోతారు. వస్తువు తిరిగి ఇవ్వాలి అంటే, మనం సొంత ఖర్చుతో, సొంత పని మానుకొని, పావగడ దాకా మోసుకుపోయి కొరియర్ చేయాల అని కాదు.

1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం చూడండి. 37వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్నదానికంటే ఎక్కువ పంపితే కొన్నవాళ్లకు మూడు దారులు ఉన్నాయి.

1. మనం అడిగినది మాత్రం పెట్టుకొని, ఎక్కువ వచ్చింది వద్దనడం.
2. మొత్తం వద్దనడం.
3. రెండూ పెట్టుకోవడం. అప్పుడు రెండోదానికి కూడా అదే ధర కట్టాల.

43వ సెక్షన్ ఇంకా మంచి మాట చెప్తుంది. వద్దనే హక్కు ఉండి వద్దన్నప్పుడు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ సామాను తిరిగి పంపే బాధ్యత కొన్నవాళ్లది కాదు. "నాకు వద్దు" అని అమ్మినవాళ్లకు తెలియజేస్తే చాలు.

ఇంతకీ పాఠం ఈ ఒక్క మాటే: రెండో వస్తువు మనది కాదు, దాన్ని తీసుకుపోయే ఖర్చు కూడా మనది కాదు.

అయితే 42వ సెక్షన్ను మరిచిపోవద్దు. వద్దని చెప్పకుండా చాలా రోజులు ఉంచుకుంటే, లేదా మన సొంత వస్తువులా వాడేస్తే, మనం దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క. అప్పుడు ధర అడిగే హక్కు వాళ్లకు వస్తుంది. అందుకే నేను రెండో స్ప్రేయర్ చెనిక్కాయ చేనుకు ఇవ్వలేదు. ఒక్క ట్యాంకు కొట్టినా అది వాడినట్టే. పైగా పురుగుమందు కొట్టిన స్ప్రేయర్ మన షెడ్డు దరిదాపులకు రాకూడదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

*నేను చేసింది ఇది*

మొదటి పని, రెండు బాక్సులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసినాను. పైన అంటించిన చీటీ, ఆర్డర్ నంబరు, వచ్చిన తేదీ కనబడేట్టు.

రెండో పని, రెండో బాక్సు సీలు తీయలేదు. తడి తగలకుండా, ఎలుక కొట్టకుండా అటక మీద పెట్టినాను. మన సామాను ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో అంత జాగ్రత్త చాలు.

మూడో పని, అదే రోజు అంగడి యాప్‌లో రాసినాను. ఫోన్ చేసి చెప్పడం కాదు, రాతలో ఉండాల. ఈ మాటలు మీరూ వాడుకోవచ్చు:

"నేను ఈ నంబరు ఆర్డర్‌లో ఒక స్ప్రేయర్ మాత్రమే కొన్నాను, ఒకదానికే డబ్బు కట్టినాను. ఈ తేదీన రెండో స్ప్రేయర్ పొరపాటున వచ్చింది. అది నాకు వద్దు. సీలు తీయకుండా భద్రంగా పెట్టినాను. మీ ఖర్చుతో మా ఇంటి దగ్గర నుంచి తీసుకుపోండి. ఏ రోజు వస్తారో ముందే చెప్పండి. తీసుకున్నట్టు రసీదు ఇవ్వండి."

మరుసటి రోజు జవాబు వచ్చింది: "మీరే కొరియర్ చేయండి." నేను మళ్లీ రాసినాను, "పొరపాటు మీది, ఖర్చు నేను పెట్టుకోను, మీరు వచ్చి తీసుకుపోండి" అని. తగువు పెట్టుకోలేదు, గట్టిగా చెప్పినా అంతే. తొమ్మిదో రోజు పావగడ నుంచి కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి, ఇంటికే వచ్చినాడు.

ఇక్కడ నేను ఒక తప్పు చేయబోయినాను. తొందరలో వాడుతున్న స్ప్రేయర్ పాత బాక్సును అందుకొని ఇవ్వబోతిని. ఆ అబ్బాయే "అన్నా, నంబరు చూడండి" అన్నాడు. బాక్సు మీద ఉండే సీరియల్ నంబరు మన బిల్లులో కూడా ఉంటుంది. వారంటీ ఆ నంబరుకే. బాక్సులు తారుమారైతే, రేపు మన మోటారు కాలిపోయినప్పుడు "ఈ నంబరు మీది కాదు" అంటారు. కాబట్టి ఇచ్చేముందు చీటీ, నంబరు, బిల్లు మూడూ సరిచూసుకోండి. ఇచ్చేటప్పుడు ఇంకో ఫోటో, చేతికి రసీదు.

*నాలుగు రకాలు, నాలుగు దారులు*

ఒకటి: ఒక ఆర్డర్, ఒకసారి డబ్బు, రెండు వస్తువులు. పైన చెప్పిందే దారి. కావాలనుకుంటే రెండోదాన్ని అదే ధరకు కొంటామని రాయండి, వాళ్లు సరే అన్నాక పెట్టుకోండి.

రెండు: నెట్‌వర్క్ లేక రెండుసార్లు నొక్కినాం, రెండు ఆర్డర్లు పడినాయి, డబ్బు కూడా రెండుసార్లు పోయింది. ఇది వాళ్ల పొరపాటు కాదు. బయలుదేరకముందే రద్దు చేయండి. బయలుదేరిపోతే ఇంటి దగ్గర తీసుకోకుండా వెనక్కు పంపండి. చేతికి వచ్చేస్తే, ఆ అంగడి వాపసు గడువు లోపల రిటర్న్ పెట్టండి.

మూడు: వస్తువు పాడైందని చెప్తే కొత్తది పంపినారు, పాతది మాత్రం తీసుకుపోలేదు. పాతదాన్ని గుజిరీకి వేయొద్దు. అది తిరిగి రాలేదని తర్వాత డబ్బు అడగవచ్చు. తీసుకుపొమ్మని రాసిన మెసేజ్ ఫోటో తీసి పెట్టుకోండి.

నాలుగు: మనం అడగనే అడగలేదు, "పార్సిల్ వచ్చింది, డబ్బు కట్టండి" అంటారు. కట్టొద్దు, తీసుకోవద్దు. ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు కూడా ఈ మాట చెప్పి పెట్టండి. ఎవరూ అడగని విత్తనాల పొట్లం వస్తే అస్సలు నాటవద్దు. 2020లో చాలా దేశాల్లో ఇట్ల ఊరూపేరూ లేని విత్తనాల పార్సిళ్లు వచ్చినప్పుడు, మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. అట్లాంటివి వ్యవసాయ శాఖ వాళ్లకు అప్పజెప్పండి.

*"ఊరికే వచ్చింది మనదే" అనే మెసేజ్ సంగతి*

అడగకుండా వచ్చిన పార్సిల్ బహుమతి కిందే లెక్క అని ఒక మెసేజ్ మన గ్రూపుల్లో తిరుగుతా ఉంటుంది. అమెరికాలో అట్లాంటి చట్టం ఉన్న మాట నిజమే. అడగని వస్తువు పంపి, తర్వాత డబ్బు కట్టమని జనాన్ని వేధించే వ్యాపారులను ఆపడానికి అక్కడ పెట్టుకున్నది అది. అది మన చట్టం కాదు. నిజంగా పొరపాటున వచ్చినదానికి మన దగ్గర 72వ సెక్షనే.

"ఇన్ని రోజులు రాకపోతే మనదే" అనే గడువు కూడా ఆ సెక్షన్లో లేదు. వాళ్లు రాకపోతే వారానికోసారి గుర్తు చేస్తూ రాయండి. వస్తువు మాత్రం కదిలించొద్దు.

*అంగడివాళ్లు వినకపోతే*

రెండోదానికి డబ్బు కట్టమని ఒత్తిడి చేసినా, మన వాపసు డబ్బులోంచి కోసుకున్నా ఊరుకోనక్కరలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అంగడికి ఫిర్యాదుల అధికారి ఉండాల. ఆయన మన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాల, నెల లోపల పరిష్కరించాల. ఆయన పేరు, నంబరు యాప్‌లోనే ఉంటాయి.

అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. తెలుగులో మాట్లాడవచ్చు, కన్నడలో కూడా.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనకు తుమకూరులో ఉంది. అంత దూరం ఎవరు పోతారు అనుకోవద్దు. 2019 చట్టం ప్రకారం, అంగడి బెంగళూరులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్లో కూడా వేయవచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మన చుట్టూ ఆంధ్రనే కాబట్టి మడకశిర, హిందూపురం వైపు ఉన్న గ్రూపు సభ్యులకు కూడా ఒక మాట: ఇవన్నీ కేంద్ర చట్టాలు, గట్టుకు అటూ ఇటూ ఒకటే. మీ జిల్లా కమిషన్ మాత్రం వేరే.

"మీరు వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదు" అని ఎవరన్నా అంటే ఈ జవాబు చెప్పండి. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్న వస్తువు వ్యాపారం కిందకు రాదని చట్టంలోనే రాసి ఉంది. 2012 జనవరిలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, విత్తనాలు కొన్న ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారులే అని తీర్పు చెప్పింది. మనం పురుగుల కోసం కొనే స్ప్రేయర్‌కు కూడా ఇదే వాదన పనికొస్తుంది.

*ఒక జాగ్రత్త*

అంగడి నంబరు గూగుల్లో వెతికి ఫోన్ చేయొద్దు, దొంగ నంబర్లు ఎక్కువ. యాప్ లోపల ఉన్నదే వాడండి. మనకు డబ్బు రావాలంటే పిన్ నొక్కే పని లేదు, క్యూఆర్ స్కాన్ చేసే పని లేదు. ఎవరన్నా అట్ల అడిగితే పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

*గుర్తు పెట్టుకోవాల్సినవి*

1. రెండోది మనది కాదు. వాడొద్దు, అమ్మొద్దు.
2. అదే రోజు రాతలో చెప్పండి.
3. తీసుకుపోయే ఖర్చు వాళ్లది.
4. సీరియల్ నంబరు చూసి, రసీదు తీసుకొని ఇవ్వండి.
5. వినకపోతే 1915.

ఆ సగం ధర అడిగిన ఆయనకు తర్వాత ఏమన్నానో చెప్పి ముగిస్తాను. "అప్పా, ఆ అంగడి పెద్దది కావచ్చు. కానీ దాంట్లో అమ్మేవాళ్లలో చిన్న చిన్న వాళ్లే ఎక్కువ. నెలకు పది స్ప్రేయర్లు అమ్ముకునే వానికి ఒకటి పోతే, మనకు ఒక తట్ట గూళ్లు పోయినట్టే." ఆయన నవ్వి, ఆ వారమే తన ఫోన్లో ఒకటి ఆర్డర్ పెట్టుకున్నాడు. ఒకటే వచ్చింది.

మీకు ఇట్లాంటిది జరిగి ఉంటే గ్రూపులో రాయండి. ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు మాత్రం పెట్టొద్దు.