రాజ్య నిర్మాణం, భద్రత, అభివృద్ధి: బంగ్లాదేశ్ చరిత్ర నేర్పే పాఠం

రాజనీతి శాస్త్రంలో మనం చదువుకొనే మొదటి పాఠం రాజ్య లక్షణాలను గురించినది. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అనే నాలుగు అంగాలు ఉన్నచోట రాజ్యం ఉన్నదని గ్రంథాలు చెబుతున్నవి. 1947 ఆగస్టులో ఏర్పడిన పాకిస్తాన్‌కు ఈ నాలుగూ ఉన్నవి. వీటికి తోడు ప్రజలలో అత్యధికుల మతం ఒక్కటే. శిక్షణ పొందిన సైన్యం ఉన్నది. కొద్ది ఏండ్లలోనే అమెరికా స్నేహమూ, ప్రపంచ బ్యాంకు ఋణాలూ లభించినవి. అయినప్పటికీ 24 సంవత్సరాలు తిరిగేసరికి ఆ రాజ్యం రెండైనది. విడిపోయినవారు అల్పసంఖ్యాకులు కారు. దేశ జనాభాలో సగానికి మించిన తూర్పు ప్రాంతంవారు. అధికసంఖ్యాకులే తమ దేశం నుండి విడిపోవడం ఆధునిక చరిత్రలో అరుదైన సంఘటన.

ఇది ఎట్లు సంభవించినది? భాష కారణమని కొందరు, నాయకుల స్వార్థమని కొందరు, పొరుగు దేశపు జోక్యమని మరికొందరు చెబుతారు. ఇందులో ప్రతి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రాజ్యం, భద్రత, అభివృద్ధి అనే మూడింటినీ విడివిడిగా గాక కలిపి చూచి, ధనం ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరినదో పరిశీలించినప్పుడే అసలు కారణం బోధపడుతుంది. ఆ పరిశీలనకే రాజకీయార్థ శాస్త్రమని పేరు.

1. భాషా సమస్య

పాకిస్తాన్ రెండు ఖండాలుగా పుట్టినది. రెండింటి నడుమ సుమారు 1,600 కిలోమీటర్ల భారత భూభాగం ఉన్నది. దేశంలో సగానికి పైగా ప్రజల మాతృభాష బెంగాలీ. ఉర్దూ మాతృభాషగా గలవారు పదింట ఒకవంతు కూడా లేరు. పశ్చిమాన సైతం ఇంటిభాషలు పంజాబీ, సింధీ, పష్తో, బలోచీలే. అట్టి పరిస్థితిలో 1948 మార్చిలో మహమ్మదాలీ జిన్నా ఢాకాకు వచ్చి, ఉర్దూ ఒక్కటే రాజభాష కాగలదని ప్రకటించినారు. విద్యార్థులు నిరసించినారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో పోలీసు కాల్పులకు విద్యార్థులు బలియైనారు. ఆ తేదీనే 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించినది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. ఈ దోషం ఉర్దూ భాషది కాదు. మీర్, గాలిబ్‌లు తీర్చిదిద్దిన భాషను తెచ్చి పోలీసు తుపాకీ వెనుక నిలబెట్టిన పాలకులది. ఏ భాషనైనను ప్రేమతో నేర్పవచ్చును గాని ఆజ్ఞతో నేర్పుట సాధ్యం కాదు.

తుదకు 1954లో రాజ్యాంగ సభ బెంగాలీని కూడా రాజభాషగా అంగీకరించినది. 1956 రాజ్యాంగంలో అది స్థానం పొందినది. భాషయే ఏకైక కారణమైతే అంతటితో కలహం సమసిపోవలసినది. అట్లు జరుగలేదు. ఎందుకనగా భాష వెనుక అన్నం సమస్య ఉన్నది.

2. ఒక రాజ్యం, రెండు ఆర్థిక వ్యవస్థలు

ఆ తొలి సంవత్సరాలలో పాకిస్తాన్‌కు విదేశీ మారకద్రవ్యం తెచ్చిన ప్రధాన పంట తూర్పు బెంగాలు జనపనార. రైతు పండించిన నార విదేశాలకు పోయినది. డాలర్లు, పౌండ్లు కేంద్ర ప్రభుత్వానికి చేరినవి. రైతుకు మాత్రం ప్రభుత్వం నిర్ణయించిన మారకపు రేటున రూపాయలు దక్కినవి. 1949లో బ్రిటన్, భారతదేశం తమ కరెన్సీ విలువను తగ్గించుకొన్నవి. పాకిస్తాన్ 1955 వరకు తగ్గించలేదు. రూపాయి విలువ కృత్రిమంగా ఎక్కువగా ఉన్నందున ఎగుమతి చేసేవారి చేతికి తక్కువ రూపాయలు వచ్చినవి. దిగుమతి లైసెన్సు పొందినవారికి యంత్రాలు చౌకగా లభించినవి. ఆ లైసెన్సులలో అధిక భాగం పశ్చిమాన, ముఖ్యంగా కరాచీలోని వ్యాపారులకు దక్కినవి. వారు స్థాపించిన మిల్లుల వస్త్రాలకు దిగుమతి సుంకాల రక్షణ ఉన్నది. పోటీ లేనందున ఆ వస్త్రాలు తూర్పు ప్రాంతపు అంగళ్లలో హెచ్చు ధరకు అమ్ముడైనవి. ఈ విధంగా జనపనార రైతు రెండుసార్లు నష్టపోయినాడు: ఒకసారి తన పంటను అమ్మినప్పుడు, మరొకసారి బట్ట కొన్నప్పుడు.

ఫలితం లెక్కలలో కనబడుతుంది. 1959–60లో పశ్చిమ ప్రాంతపు తలసరి ఆదాయం తూర్పు ప్రాంతంకన్న 32 శాతం ఎక్కువ. పది సంవత్సరాల తరువాత, 1969–70 నాటికి, ఆ వ్యత్యాసం 61 శాతానికి పెరిగినది. ఈ పదేండ్లనే అయూబ్ ఖాన్ ప్రభుత్వం అభివృద్ధి దశాబ్దంగా ఉత్సవాలు జరిపి కొనియాడినది. విదేశీ సలహాదారులు సైతం ఆ ప్రగతిని ఆదర్శంగా చూపినారు. కాని 1968లో ప్రణాళికా సంఘపు ముఖ్య ఆర్థికవేత్త మహబూబుల్ హక్, పరిశ్రమలలో మూడింట రెండువంతులు, బ్యాంకులలో ఐదింట నాలుగువంతులు 22 కుటుంబాల చేతిలో ఉన్నవని బహిరంగంగా చెప్పినారు. ఉత్పత్తి పెరిగినంత మాత్రాన ప్రజలు బాగుపడినట్లు కాదని గ్రహించిన ఆయనే 1990లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదికను ప్రారంభించినారు.

విదేశీ సహాయం కూడా ఈ వ్యత్యాసాన్ని తగ్గించలేదు. 1960 సింధు జలాల ఒప్పందం తరువాత మంగళా, తర్బేలా వంటి మహా ఆనకట్టలకు ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో ధనం సమకూడినది. అవి అవసరమైనవే. కాని ఏటేటా వరదలలో మునిగే తూర్పు ప్రాంతానికి అంతటి శ్రద్ధ లభించలేదు. అక్కడ అమెరికా సహాయంతో నిర్మించిన కప్తాయ్ ఆనకట్ట 1962లో పూర్తియైనప్పుడు చిట్టగాంగు కొండలలో సుమారు లక్షమంది, అధికంగా చక్మాలు, నిర్వాసితులైనారు. విద్యుత్తు మైదానానికి వెళ్లినది. ముంపు కొండవారికి మిగిలినది.

3. ఎవరి భద్రత?

1954లో పాకిస్తాన్ అమెరికాతో రక్షణ ఒడంబడిక చేసుకొని, అదే సంవత్సరం సియాటో కూటమిలోను, 1955లో బాగ్దాదు ఒడంబడికలోను చేరినది. ఆయుధాలు, శిక్షణ, ధనం లభించినవి. సైనిక నియామకాలు ప్రధానంగా పంజాబు, సరిహద్దు జిల్లాల నుండి జరిగినవి. బెంగాలీల సంఖ్య స్వల్పం. అందువలన రక్షణకు వెచ్చించిన ధనం జీతాలుగా, కాంట్రాక్టులుగా, దండుల నిర్మాణంగా పశ్చిమానికే చేరినది. పన్ను మాత్రం రెండు ప్రాంతాలదీ.

తూర్పు ప్రాంతపు రక్షణ పశ్చిమ రణరంగంలోనే ఉన్నదని సైనిక సిద్ధాంతం. 1965 యుద్ధంలో ఈ సిద్ధాంతానికి పరీక్ష ఎదురైనది. ఆ 17 రోజులు తూర్పు ప్రాంతం దాదాపు రక్షణ లేక ఒంటరిగా నిలిచినది. తమ కష్టార్జితంతో పోషింపబడుతున్న సైన్యం తమను కాపాడుటకు కాదని అక్కడి ప్రజలకు తోచినది. మరుసటి ఏడు ఫిబ్రవరిలోనే లాహోరులో షేక్ ముజిబుర్ రహమాన్ ఆరు సూత్రాలు ప్రకటించినారు.

విద్యార్థులు ఈ ఆరు సూత్రాలను శ్రద్ధగా చదువవలెను. మొదటి రెండు సమాఖ్య స్వరూపాన్ని, కేంద్రాధికారాల పరిమితిని గురించినవి. తరువాతి మూడు ధనాన్ని గురించినవి: కరెన్సీ, పన్నులు, విదేశీ మారకద్రవ్యపు లెక్కలు. ఆరవది తూర్పునకు సొంత రక్షక దళాన్ని గురించినది. అందులో ఆవేశం లేదు; రాజ్యం, ధనం, భద్రతలను గూర్చిన గణితం ఉన్నది.

1970 నవంబరులో తూర్పు తీరాన్ని తాకిన తుఫానులో కనీసం మూడు లక్షలమంది మరణించినారని అంచనా. సహాయం ఆలస్యమైనది. ప్రజల ఆగ్రహం డిసెంబరు ఎన్నికలలో వ్యక్తమైనది. తూర్పున 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగుకు లభించి, 300 స్థానాల జాతీయ సభలో దానికి పూర్తి ఆధిక్యం వచ్చినది. అధికారం అప్పగించుటకు బదులు యాహ్యా ఖాన్ ప్రభుత్వం 1971 మార్చి 25 రాత్రి సైన్యాన్ని ప్రయోగించినది. దాదాపు కోటిమంది కాందిశీకులై భారతదేశానికి తరలివచ్చినారు. ఆ జూన్‌లో ప్యారిస్‌లో సమావేశమైన ఋణదాతల కూటమి పాకిస్తాన్‌కు కొత్త సహాయం ప్రకటింపలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయినది. సుమారు 93 వేలమంది బందీలైనారు. ఆయుధాలున్నవి, ఒడంబడికలున్నవి, ప్రజల విశ్వాసం ఒక్కటే లేదు.

4. కొత్త రాజ్యం, పాత ప్రశ్నలు

స్వతంత్ర రాజ్యం ఏర్పడినంత మాత్రాన అన్నం సమస్య తీరలేదు. 1974లో వరదలు వచ్చినవి, కరువు వచ్చినది. అమెరికా ఆహార సహాయం ఆ సమయంలోనే నిలిచినది. కారణం, బంగ్లాదేశ్ క్యూబాకు గోనెసంచులు అమ్ముట. ఒకరి భద్రతా విధానం మరొకరి అన్నపు పళ్లేన్ని ఏ విధంగా తాకుతుందో తెలుపుటకు ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు. అయితే అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో మరొక సత్యం చూపినారు. ఆ సంవత్సరం దేశంలో ధాన్యం మొత్తం తగ్గలేదు. వరదల వలన పనులు పోయి, కూలీలకు ధాన్యం కొనే శక్తి తగ్గినది.

తరువాతి అభివృద్ధిలో సహాయంకన్న శ్రమకు ఎక్కువ పాలు ఉన్నది. 1979లో ఒక బంగ్లా సంస్థ 130 మందిని దక్షిణ కొరియాకు పంపి కుట్టుపని, నిర్వహణ నేర్పించినది. అక్కడ మొదలైన దుస్తుల పరిశ్రమ నేడు ఆ దేశపు ఎగుమతులలో ఐదింట నాలుగువంతులకు మించిన భాగం. అందులో పనిచేసేవారిలో అధికులు స్త్రీలు. గ్రామాలలో స్వచ్ఛంద సంస్థలు, చిన్న ఋణాలు, ఆరోగ్య కార్యకర్తలు చేసిన సేవ కూడా చిన్నది కాదు. 2010 తరువాతి దశాబ్దంలో తలసరి ఆదాయంలో బంగ్లాదేశ్ పాకిస్తాన్‌ను దాటినది. 2012లో ప్రపంచ బ్యాంకు అవినీతి ఆరోపణలపై 120 కోట్ల డాలర్ల ఋణం రద్దుచేసినప్పుడు, స్వంత నిధులతో పద్మా వంతెన నిర్మించి 2022లో ప్రారంభించినది.

కాని మెప్పుతో ముగించుట శాస్త్ర దృష్టి కాదు. 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కార్మికులు మరణించినారు. విమోచన పోరాటంలో పాల్గొన్నవారి సంతతికి ఉద్యోగాలలో 30 శాతం కేటాయింపుపై చెలరేగిన విద్యార్థి ఉద్యమంలో వందలాదిమంది చనిపోయి, 2024 ఆగస్టు 5న ప్రభుత్వం కూలిపోయినది. పంపకంలో న్యాయం అడిగి పుట్టిన రాజ్యాన్ని దాని బిడ్డలే అదే ప్రశ్న అడిగినారు.

5. సరిహద్దు మారినప్పుడు మిగిలిపోయినవారు

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులు తప్పక తెలిసికొనవలసిన అంశం మరొకటి ఉన్నది. 1947 ప్రాంతంలో బీహారు మొదలైన చోట్లనుండి ఉర్దూ మాట్లాడే ముస్లింలు అనేకులు తూర్పు బెంగాలుకు వలసవెళ్లినారు. 1971లో వారిలో పలువురు పాకిస్తాన్ పక్షం వహించినారు. యుద్ధానంతరం ఆ జనసమూహం మొత్తం దోషిగా చూడబడినది. ఇండ్లు పోయినవి, శిబిరాలు మిగిలినవి. 1973 ఢిల్లీ ఒప్పందం తరువాత కొందరిని పాకిస్తాన్ స్వీకరించినది. తక్కినవారు ఏ దేశానికీ చెందనివారై ఢాకాలోని జెనీవా క్యాంపు వంటి ఇరుకు శిబిరాలలో దశాబ్దాలు గడిపినారు. వారిలో కొందరు యువకులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా 2003లో పదిమందికి, 2008లో ఆ సమూహానికి పౌరసత్వ హక్కు స్థిరపడినది. ఓటు వచ్చినది; ఇరుకు గదులు ఇంకా ఉన్నవి. రాజ్యం మారినప్పుడు పటం గీసినవారు కాక, గీత మీద నిలిచినవారు నష్టపోతారు.

6. మన అనుభవం

ఢాకాలో విద్యార్థులు బలియైన 1952లోనే, డిసెంబరు 15న, పొట్టి శ్రీరాములు ఆమరణ నిరాహారదీక్షలో మద్రాసులో కన్నుమూసినారు. భారత ప్రభుత్వం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచి, 1956లో దేశమంతటా రాష్ట్రాలను పునర్విభజించినది. పాకిస్తాన్ 1955లో పశ్చిమ రాష్ట్రాలన్నింటినీ ఒకటిగా కలిపివేసినది. వైవిధ్యాన్ని ఒప్పుకొన్న రాజ్యం బలహీనపడలేదు. అణచిన రాజ్యం నిలువలేదు. అయితే ఒక్క భాష కూడా చాలదని మన చరిత్రయే చెప్పినది. 1969లో తెలంగాణలో లేచిన ప్రశ్న మిగులు నిధులు, ఉద్యోగాలను గురించినది. ఆ ప్రశ్న సమసిపోక 2014 జూన్ 2న పార్లమెంటు చట్టం ద్వారా మరొక రాష్ట్రం ఏర్పడినది. ఒకే మతం ఢాకాను, కరాచీని కలిపి ఉంచలేకపోయినట్లే, ఒకే భాష రెండు ప్రాంతాలను కలిపి ఉంచలేకపోయినది. అయితే ఇక్కడ కొత్త సరిహద్దు చట్టసభలో గీయబడినది. ఎవరూ పౌరసత్వం కోల్పోలేదు. ఈ భేదం అత్యంత విలువైనది.

కనుక రాజ్య లక్షణాలు నాలుగని వ్రాసేటప్పుడు విద్యార్థులు ఐదవదానిని మనసులో ఉంచుకొనవలెనని నా మనవి. అది పంపకంలో న్యాయం. పరీక్షలో దానికి మార్కులు లేకపోవచ్చును. కాని సైన్యం, ఋణం, మతం, భాష ఇవన్నీ ఉండి కూడా అది లేనందున ఒక రాజ్యం విరిగినది. రేపు మీలో కొందరు ఉద్యోగులై బడ్జెట్లు తయారుచేయవచ్చును. కొందరు పాఠశాలలలో పిల్లలకు భాష నేర్పవచ్చును. అప్పుడు లెక్కల పుస్తకం తెరిచి, ఈ రూపాయి ఎవరి చెమటనుండి వచ్చినది, ఎవరి ఇంటికి పోతున్నదని ఒక్కసారి అడుగండి. దేశభద్రత ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.