నిత్య సహాయ మాత పటం నేర్పిన పాఠాలు

తల్లాడ చుట్టుపక్కల ఊళ్లలో ఉపదేశిగా ఇల్లిల్లూ తిరిగి జపమాల చెప్పించినవాణ్ణి. గోడ మీద నిత్య సహాయ మాత పటం చాలా ఇళ్లలో చూశాను. దాని ముందు నేర్చుకున్నవి పిల్లలకు అందాలని రాస్తున్నాను.

1. మొక్కే ముందు కళ్లారా చూడాలి. అసలు పటం క్రీట్ దీవి బాణీలో చెక్క మీద వేసింది, ఎత్తు సుమారు 54 సెంటీమీటర్లే. 1866 నుంచి రోములోని సెయింట్ అల్ఫోన్సస్ గుడిలో ఉంది. తొమ్మిదో పయస్ పోపుగారు దాన్ని రిడెంప్టరిస్టు గురువులకు అప్పగించారు. దూరం నుంచి దండం పెట్టి వచ్చేస్తే అందులోని సంగతులు కంటపడవు.

2. దేవదూతల చేతులు చూడండి. మనకు ఎడమ పక్క మిఖాయేలు ఈటె, స్పంజి, పులిసిన ద్రాక్షరసం కుండ పట్టుకున్నాడు. కుడి పక్క గబ్రియేలు సిలువ, మేకులు తెచ్చాడు. ఇద్దరూ వాటిని ఒట్టి చేతులతో తాకలేదు, వస్త్రం కప్పుకుని పట్టారు. శ్రమల పనిముట్లకు అంత గౌరవం. పాస్కా ముందు వచ్చే తపస్సుకాలమంతా ఈ ఒక్క పటంలో ఉంది.

3. చెప్పు మరవకండి. బాలయేసు కాలి చెప్పు ఊడి, పట్టీకి వేలాడుతోంది. రాబోయే శ్రమలు చూసి బెదిరి, తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడని పెద్దలు చెబుతారు. దేవుని కుమారుడికే భయం వేసింది. కాబట్టి భయపడిన బిడ్డను కసరకండి, దగ్గరికి తీసుకోండి.

4. తల్లి చెయ్యి గమనించండి. బిడ్డ రెండు చేతులతో ఆమె కుడిచేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆమె సిలువను తోసెయ్యలేదు, బిడ్డను వదల్లేదు. జబ్బుపడ్డ ఇంటికి, అప్పులపాలైన ఇంటికి వెళ్లినప్పుడు ఈ పాఠమే నాకు దారి చూపింది: కష్టం మనం తీర్చలేకపోవచ్చు, పక్కన కూర్చోవడం మాత్రం మన చేతిలో ఉంది.

5. ఆమె చూపు ఎటుందో కనిపెట్టండి. బిడ్డ దూతవైపు తిరిగితే, తల్లి మనవైపు చూస్తోంది. ఆమె ముసుగు మీది నక్షత్రం క్రీస్తు దగ్గరికి దారి చూపే గుర్తు. వెనకాల బంగారు వన్నె పరలోక మహిమ. ఆ విషాదమంతా ఆ వెలుగులోనే జరుగుతోంది.

6. కోరికల చీటీతోనే ఆగిపోకండి. బుధవారం నవదిన ప్రార్థనకు వచ్చేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకురండి. పటం ముందు నిలబెట్టి, ఆ చెప్పు ఎందుకు ఊడిందో మీ నోటితో చెప్పండి. తల్లిదండ్రులు చెప్పిన వివరం వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.