ఎగ్జిమా: పైపూత చాలనప్పుడు

వానలు పడిన కొద్ది వారాలకే కలకడ పరిసరాల బీళ్ళలో, బాటల ప్రక్కన ఒక మొక్క నడుమెత్తు పెరిగి తెల్లని చిన్న పూలు పూస్తుంది. మనవారు దానిని వయ్యారిభామ అంటారు. కాంగ్రెసు గడ్డి అన్న పేరు కూడా ఉన్నది. శాస్త్రజ్ఞులు పార్థీనియం అంటారు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు దీని జన్మస్థానం. మన దేశంలో 1955 ప్రాంతంలో పూనాలో గుర్తింపబడిన ఈ కలుపు క్రమంగా దేశమంతటా వ్యాపించింది.

ఇందులోని పార్థీనిన్ అనే పదార్థం కొందరి చర్మానికి సరిపడదు. వారికి ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి తాకినా చాలు, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎఱ్ఱబారి, దురదపెట్టి, రసి కారుతాయి. కొంత కాలానికి చర్మం మొద్దుబారుతుంది. ఇది ఎగ్జిమాలో ఒక రకం.

దురద పుట్టించే ప్రతి వ్యాధిని గజ్జి అనో, తామర అనో, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఖుజ్లీ అనో ఒకే గాటన కట్టడం మనకు అలవాటు. గజ్జికి కారణం చర్మాన్ని తొలిచే సూక్ష్మమైన పురుగు. తామరకు కారణం శిలీంధ్రం. ఈ రెండూ అంటువ్యాధులు. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. మన దేహాన్ని రక్షించవలసిన తెల్లకణాలే హద్దుమీరి సొంత చర్మాన్ని బాధిస్తాయి. కావున ఈ రోగిని దూరంగా ఉంచడం అన్యాయం.

మొదట కారణమైన మొక్కకు దూరంగా ఉండాలి. చర్మాన్ని మెత్తబరచే పూతలు, వైద్యుడు సూచించిన స్టీరాయిడ్ పూతలు వాడాలి. వ్యాధి ఒళ్ళంతా ప్రాకి పూతలకు లొంగనప్పుడు, లోపలికి పుచ్చుకొనే మందులు అవసరమవుతాయి. ఇవి చర్మాన్నే గాక దేహమంతటినీ తాకుతాయి. వీటి బలమూ, ప్రమాదమూ అక్కడే ఉన్నాయి.

ప్రెడ్నిసోలోన్ త్వరగా ఉపశమనమిస్తుంది. అందుచేతనే పాత చీటీతో నెలల తరబడి కొని మ్రింగేవారున్నారు. దాని వలన ఎముకలు గుల్లబారుతాయి, రక్తంలో చక్కెర, రక్తపోటు పెరుగుతాయి. మూత్రపిండాలపై నున్న అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. అప్పుడు మందును హఠాత్తుగా మానితే ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. వైద్యుని సలహాపై మెల్లగా తగ్గించాలి.

అజాథయోప్రిన్‌ను మొదట మూత్రపిండాల మార్పిడిలో వాడారు. దీనిని రూపొందించిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఉన్నారు. మన దేశపు చర్మవైద్యులు పార్థీనియం ఎగ్జిమాకు దీనిని వాడుతున్నారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. రక్తకణాలను, కాలేయాన్ని తరచు పరీక్షించాలి.

మూడవది మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలితమిది. ఎగ్జిమాకు దీనిని వారానికి ఒక్క దినమే పుచ్చుకోవాలి. పొరపాటున దినదినమూ పుచ్చుకొంటే ప్రాణం పోవచ్చు. గర్భిణులు దీనిని వాడరాదు.

పుట్టుకతో వచ్చే తత్త్వం వలన కలిగే ఎగ్జిమాకు డ్యుపిలుమాబ్ అనే సూదిమందు 2017లో అమెరికాలో ఆమోదం పొందింది. దాని వెల సామాన్యునికి భారమే.

విద్యార్థి మిత్రులారా, ఏ మందు పుచ్చుకొన్నా పొలం గట్టున ఆ మొక్క మిగిలే ఉంటుంది. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, వేళ్ళతో పెరికివేద్దాము. ఎగ్జిమా ఉన్నవారిని మాత్రం ఈ పనికి పిలువరాదు. మరొక పని కూడా మన చేతిలో ఉన్నది. మందుల అట్టల మీద ముద్రించిన ఆంగ్లం మన పెద్దలలో చాలామందికి చదవరాదు. ఏ మాత్ర ఏ వారం, ఎన్ని, రక్తపరీక్ష ఎప్పుడు అన్నది వైద్యుని అడిగి తెలుసుకొని, తెలుగులోనో ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో వ్రాసి ఇంటి గోడకు అంటించుదాము. మన చదువు మన ఇంటికి చేయగల మేలు ఇది.