ఆకాశమున అగ్ని

2018వ సంవత్సరము మే నెలలో పాపికొండల యాత్రకు బయలుదేరిన లాంచీ యొకదానికి దేవీపట్నము చేరువను, గోదావరిలో నిప్పంటుకొనెను. నడుపువాడు లాంచీని ఒడ్డునకు మళ్లించెను. ప్రయాణికులు దిగి బ్రతికిరి. నదిలో పోవువారికి ఏదో యొక దరి కలదు. మిన్నున పోవువారికి దరి యెక్కడిది?

1955 ఏప్రిల్ 11వ తేదీన ఎయిరిండియా వారి ‘కాశ్మీర్ ప్రిన్సెస్’ అను నాలుగు ఇంజనుల విమానము హాంకాంగు నుండి జకార్తాకు బయలుదేరెను. ఇండోనేషియాలోని బాండుంగు నగరమున జరుగనున్న ఆసియా, ఆఫ్రికా దేశముల మహాసభకు పోవువారు అందుండిరి. ప్రయాణికులు 11 మంది, సిబ్బంది 8 మంది. కెప్టెను పేరు జతార్. హాంకాంగులో నిలిచియున్నప్పుడే ద్రోహులు చక్రముల గూటిలో కాలబాంబును దాచిరని వారెవ్వరికిని తెలియదు.

సుమారైదు గంటల ప్రయాణము సుఖముగా సాగెను. అంతలో పెద్ద ప్రేలుడు వినబడెను. కుడిరెక్కపై మంటలు లేచెను. ప్రయాణికుల గదిలోనికి పొగ క్రమ్ముకొనెను. కెప్టెను మూడవ ఇంజనును ఆపివేసెను. రేడియో మూగవోవులోపల, తామున్న చోటును తెలుపుచు మూడు మారులు ఆపద సందేశములు పంపిరి. క్రింద నటూనా దీవుల చెంతనున్న సముద్రము తప్ప మరియొకటి లేదు.

ఆ పొగలోనే సిబ్బంది ప్రయాణికులకు ప్రాణరక్షణ కవచములు పంచి, ఆపద ద్వారములను తెరచిరి. ఇట్టి కవచమును గదిలోనే తొడుగుకొనవలెను గాని, గాలితో ఉబ్బించుట మాత్రము ద్వారము దాటిన పిదపనే. ఇది వింతగా తోచవచ్చును. లోనికి నీరు చొచ్చినచో, ఉబ్బిన కవచము మనిషిని పైకప్పునకు తేల్చివేయును. మునిగి ద్వారము చేరుట అతని తరము కాదు. 1996లో హిందూ మహాసముద్రమున దిగిన ఇథియోపియా విమానములో పలువురు ఈ తొందరపాటువలననే మరణించిరి. కనుకనే పరిచారికలు బయలుదేరుటకు ముందే ఈ మాట చెప్పుదురు. వినువారు తక్కువ.

కాశ్మీర్ ప్రిన్సెస్ కుడిరెక్క ముందుగా నీటిని తాకెను, విమానము ముక్కలయ్యెను. దీక్షిత్, పాఠక్, కర్ణిక్ అను ముగ్గురు సిబ్బంది మాత్రమే బ్రతికిరి. జతారును, గ్లోరియా బెర్రీ యను పరిచారికయు మరణించినవారిలోనివారు. ఈ యైదుగురికిని భారత ప్రభుత్వము అశోకచక్ర పురస్కారముల నొసగెను. సముద్రము నుండి వెలికిదీసిన శకలములలో కాలబాంబు ఆనవాళ్లు దొరకెను. దోషము ఇంజనులది గాని, నడిపినవారిది గాని కాదని విచారణలో తేలెను.